పార్టికల్ బోర్డు బట్టల అల్మరాను పుస్తకాల అల్మరాగా మార్చడం: ఎక్కడ బలం కావాలి, ఎందుకు కావాలి

మీరడిగినది క్లుప్తంగా ఇది. విడిభాగాలుగా పెట్టెలో వచ్చి ఇంట్లో బిగించిన రెండు తలుపుల బట్టల అల్మరా ఒకటి మీ దగ్గర ఖాళీగా ఉంది. వెడల్పు 80 సెంటీమీటర్లు, లోతు 50, ఎత్తు 180. అంతా 16 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టును జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక. హ్యాంగర్లు తగిలించే రాడ్డు తీసేసి, అడ్డంగా నాలుగైదు పలకలు వేస్తే సుమారు 400 పుస్తకాలు పట్టే అల్మరా అవుతుందా, తలుపులు ఉంచాలా తీసేయాలా అని అడిగారు. ఉండేది హైదరాబాదులో అద్దె ఫ్లాటు అని కూడా రాశారు.

మార్చుకోవచ్చు. కానీ రాడ్డు తీసి పలకలు వేసినంత మాత్రాన అది పుస్తకాలు మోయదు. నడిమికి పైనుంచి కిందిదాకా ఒక నిలువు పలక, ఆ నిలువు పలక కింద నేలకు ఆనే ఒక దిమ్మ, వెనక పల్చటి అట్టకు బదులు గట్టి ప్లైవుడ్డు, పైన గోడకు బిగింపు అనే నాలుగూ కావాలి. వీటిలో ఏది మానినా మొదటి ఏడాది బాగానే ఉన్నట్టు కనిపించి, తరువాత పలకలు వంగడమో, పెట్టె పక్కకు ఒరగడమో మొదలవుతుంది. పాత అల్మరాలను ఇలా మార్చి ఇవ్వడం చాలాకాలంగా నా పనిలో భాగం కాబట్టి, ఈ నాలుగూ ఎందుకో వివరంగా రాస్తున్నాను.

ముందుగా, మీ అల్మరా ఈ పనికి పనికొస్తుందో లేదో చూడండి. అడుగు భాగంలో, తడిగుడ్డ తగిలే చోట, బోర్డు ఉబ్బి మందం పెరిగిందేమో వేలితో తడిమి చూడండి. ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండినా మళ్ళీ మునుపటి బలానికి రాదు, ఎందుకంటే లోపలి చెక్కపొట్టును పట్టి ఉంచిన జిగురు అప్పటికే విడిపోయి ఉంటుంది. ఆ ఉబ్బు పక్క పలకల అడుగు అంచుల్లో ఉంటే ఈ ఆలోచన మానుకోవడమే మంచిది, బరువంతా దిగేది ఆ అంచుల మీదికే. రెండవది, పలకలను వేలి కణుపుతో కొట్టి వినండి. బోలుగా మోగితే లోపల కాగితపు గూడు మాత్రమే ఉందని అర్థం. అటువంటి పలకలో స్క్రూ నిలవదు. మూడవది, మినీఫిక్స్ బిగింపులున్న, అంటే పలకను పలకకు కలిపే చిన్న లోహపు బిగింపులున్న రంధ్రాలు. ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగించిన అల్మరాల్లో ఈ రంధ్రాలు వదులై, బిగించిన కొద్దీ తిరుగుతూనే ఉంటాయి. దీనికి మందు ఉంది: రంధ్రాన్ని శుభ్రమైన గుండ్రటి కొలతకు తొలిచి, గట్టి చెక్కతో చేసిన డోవెలును (గుండ్రటి పుల్లను) ఫెవికాల్‌తో దిగగొట్టి, ఒక రోజు ఆరనిచ్చి మళ్ళీ తొలవాలి. అగ్గిపుల్లలు కుక్కి బిగించడం బట్టల అల్మరాకు చెల్లుతుందేమో గాని పుస్తకాల బరువుకు చెల్లదు.

ఇక బరువు సంగతి. బట్టల అల్మరాలో బరువు రాడ్డు మీద పడి, రాడ్డు రెండు కొసల నుంచి నేరుగా పక్క పలకల్లోకి వెళ్ళి నేలకు దిగుతుంది. అడ్డ పలకల మీద మడత బట్టల బరువు తప్ప మరేమీ ఉండదు. పుస్తకాలు అలా కాదు. పూర్తిగా కాగితమే ఉంటే ఎంత బరువుంటుందో ఒక లెక్క చూడండి: చదరపు మీటరుకు 75 గ్రాములుండే ఏ4 కాగితం 500 షీట్ల కట్ట ఒకటి సుమారు 2.3 కిలోలు ఉంటుంది, మందం దాదాపు 5 సెంటీమీటర్లు. అంటే అటువంటి కట్టలను మీటరు పొడవున నిలబెడితే 45 కిలోలు దాటుతుంది. పెద్ద సైజు పోటీపరీక్షల గైడ్లు, నిఘంటువులు, ఆర్టు పేపరు పుస్తకాలు ఈ లెక్కకు దగ్గరగా వస్తాయి. మామూలు డెమ్మీ సైజు నవలలు, కథల సంపుటాలు మీటరుకు 20 నుంచి 25 కిలోలు తూగుతాయి. మీ 400 పుస్తకాలు మామూలువే అయి, ఒక్కొక్కటి సగటున ఒకటిన్నర సెంటీమీటరు మందం ఉందనుకుంటే, ఆరు మీటర్ల పొడవు, సుమారు 130 కిలోల బరువు అవుతుంది. నిలువెత్తు మనిషి బరువుకు దాదాపు రెట్టింపు బరువును రాత్రింబవళ్ళు, ఏళ్ళ తరబడి ఆ పెట్టె మోయాలి.

ఏళ్ళ తరబడి అన్నది ఇక్కడ ముఖ్యం. మీ అల్మరాలో పక్క పలకల మధ్య ఖాళీ సుమారు 77 సెంటీమీటర్లు. అంత పొడవున 16 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు పలక వేసి ఒక వరుస మామూలు పుస్తకాలు నింపితే, నడిమి భాగం మొదటి రోజే అయిదారు మిల్లీమీటర్లు కిందికి వంగుతుంది. అది అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. పార్టికల్ బోర్డు బరువు కింద మెల్లగా సాగుతూనే ఉంటుంది; కొన్నేళ్ళకు ఆ వంపు మొదటి రోజుకు రెండు మూడు రెట్లవుతుంది, వానాకాలపు చెమ్మ దానికి తోడైతే ఇంకా త్వరగా. అదే కొలతలో 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డు వేస్తే మొదటి వంపు ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, తరువాత సాగడం కూడా తక్కువ.

అయినా నేను మీకు ప్లైవుడ్డు పలకలు కొనమని చెప్పడం లేదు, ఎందుకంటే అంతకంటె పెద్ద లాభం నిలువు పలకలో ఉంది. మీటరుకు ఇన్ని కిలోలని సమంగా పేర్చిన బరువు కింద, ఆధారాల మధ్య దూరం సగమైతే వంపు సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. నడిమిన నిలువు పలక వస్తే మీ అరలు 37 సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటాయి. అదే పాత 16 మిల్లీమీటర్ల బోర్డు అర మిల్లీమీటరు కూడా వంగదు. పోలిక కోసం చెప్పాలంటే, పుస్తకాల కోసమే చేసిన ఐకియా బిల్లీ అల్మరాలో 80 సెంటీమీటర్ల వెడల్పు రకానికి అరకు 30 కిలోలే పరిమితి అని ఆ సంస్థే రాసింది. పుస్తకాలకని తయారైనదానికే అంత హద్దు ఉన్నప్పుడు, బట్టలకని తయారైనదాన్ని అదే వెడల్పులో వదిలేయకూడదు.

ఇప్పుడు చాలామంది వడ్రంగులు కూడా పట్టించుకోని విషయానికి వస్తాను. నిలువు పలక అరలను నిలబెడుతుంది, మరి నిలువు పలకను నిలబెట్టేది ఏది? ప్రతి అరలోనూ సగం బరువు బయటి పక్క పలకకు, సగం ఈ నడిమి పలకకు పోతుంది. మీ లెక్కలో 50 కిలోలకు పైనే ఆ ఒక్క పలకలోనుంచి కిందికి దిగి, అల్మరా అడుగు పలక సరిగ్గా నడిమిన, అంటే అది అన్నిటికంటె బలహీనంగా ఉన్న చోట, కూర్చుంటుంది. విడిభాగాల అల్మరాల్లో అడుగు పలక నేలకు ఆనదు. నేలకు అయిదారు సెంటీమీటర్ల ఎత్తున, రెండు కొసల్లో మినీఫిక్స్‌ల మీద వేలాడుతూ ఉంటుంది. హనుమకొండలో ఒక లెక్చరరు గారి ఇంట్లో వేరెవరో చేసిన ఇటువంటి మార్పును సరిచేయడానికి వెళ్ళినప్పుడు, నడిమి పలక చక్కటి టేకు, అరలు చక్కటి ప్లైవుడ్డు. కానీ అడుగు పలక కుంగి, దానితోపాటు టేకు పలక కూడా దిగిపోయి, అన్ని అరలూ లోపలి వైపుకు వాలి ఉన్నాయి. దానికి కావలసింది నిలువు పలక గీత కిందనే, అడుగు పలకకూ నేలకూ మధ్య బిగువుగా పట్టే చెక్క దిమ్మ, ముందు ఒకటి, వెనక ఒకటి. దిమ్మ కింద రబ్బరు ముక్క గాని పీవీసీ ముక్క గాని వేయండి, తడి పీల్చకుండా ఉంటుంది. రసమట్టం పెట్టి అడుగు పలక సమంగా ఉందని చూసుకున్న తరువాతే దిమ్మను బిగించాలి.

నిలువు పలకకు మాత్రం 18 మిల్లీమీటర్ల కొత్త ప్లైవుడ్డు కొనండి. భారత ప్రమాణాలైన ఐ.ఎస్. 303 లేదా ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది తీసుకుంటే చాలు. ఇంటి లోపలి పనికి 303 సరిపోతుంది. కొన్న దుకాణంలోనే మిషను మీద కోయించుకోండి, ఇంట్లో చేతి రంపంతో ఆ పొడవు నిట్టనిలువుగా రాదు.

అడ్డ పలకలకు మీ దగ్గర సరుకు ఇప్పటికే ఉంది: ఆ రెండు తలుపులు. ఒక్కొక్కటి దాదాపు 39 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, మీకు కావలసిన పలక పొడవు 37 చిల్లర. తలుపును బందుల వైపు నుంచి కాస్త కోసి, తరువాత అడ్డంగా ముక్కలు చేస్తే, రంగు కలిసిన అర పలకలు వస్తాయి. బందులు కూర్చున్న గుండ్రటి గుంటల్లో కొంత మిగిలిపోతుంది. ఆ ముఖం కిందికి, ఆ కొస ఆధారపు పట్టీ మీదికి వచ్చేలా వేస్తే అది కనిపించదు, బలమూ తగ్గదు. కోసిన అంచులను పచ్చిగా వదలకండి. ముందు అంచుకు ఎడ్జ్ బ్యాండ్ (అంచును కప్పే సన్నటి పట్టీ) వేయించండి, కనిపించని అంచులకు ఫెవికాల్‌ను కొద్దిగా నీటితో పలుచన చేసి పూసి ఆరనివ్వండి. చెమ్మ లోపలికి వెళ్ళేది ఈ అంచుల నుంచే. కోసేటప్పుడు వచ్చే పొడి చాలా సన్నగా, జిగురుతో కలిసి ఉంటుంది కనుక మాస్కు పెట్టుకుని, వీలైతే బయట కోయించండి.

పలకలను చిన్న పిన్నుల మీద ఆనించవద్దు. అల్మరాతో వచ్చే 5 మిల్లీమీటర్ల పిన్నులు మడత బట్టలకు చాలు. పుస్తకాల కింద అవి బోర్డులోని రంధ్రాన్ని కోలగా సాగదీసి మెల్లగా కిందికి వాలతాయి. విజయవాడలో ఒక న్యాయవాది గారి ఆఫీసులో బైండు చేసిన లా రిపోర్టుల బరువుకు పిన్నులు బోర్డు పైపొరను చీల్చుకుని బయటికి వచ్చాయి. అందుకని పలక రెండు కొసల కింద, లోతు పొడవునా, 18 మిల్లీమీటర్ల మందం గల చెక్క పట్టీ బిగించండి. మన వైపు టింబర్ డిపోల్లో రీపర్లు అంటే ఇస్తారు, పాలిష్ పట్టించుకుంటే సరిపోతుంది. 30 మిల్లీమీటర్ల స్క్రూ ఆ పట్టీలోంచి పక్క పలకలోకి 12 మిల్లీమీటర్లు దిగుతుంది, అవతలి వైపు పొడుచుకు రాదు. ఒక్కో పట్టీకి నాలుగు స్క్రూలు వేయండి. ముందుగా సన్నటి రంధ్రం తొలిచి, చివరి రెండు మూడు చుట్లు మిషనుతో కాక చేత్తో తిప్పండి. పార్టికల్ బోర్డులో స్క్రూ అతిగా బిగిస్తే లోపలి మర పొడి అయిపోయి పట్టు పోతుంది. నడిమి పలకకు రెండు వైపులా ఒకే ఎత్తులో పట్టీలు వస్తాయి కాబట్టి అటు స్క్రూలూ ఇటు స్క్రూలూ ఎదురెదురుగా కాకుండా జరిపి వేయాలి.

ఇక్కడ ఫెవికాల్ మీద నమ్మకం పెట్టుకోకండి. అల్మరా లోపలి నున్నటి పొర మీద తెల్ల జిగురు పట్టదు. పైకి ఆరినట్టు కనిపించి, లాగితే పెచ్చులా ఊడి వస్తుంది. జిగురు కూడా కావాలంటే పట్టీ కూర్చునే చోట ఆ పొరను గీకి బోర్డు బయటపడేలా చేయాలి. నా మట్టుకు స్క్రూలే చాలు.

వెనక భాగాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెట్టెలో వచ్చే మూడు మిల్లీమీటర్ల అట్ట, చిన్న మేకులు, బట్టలు మోసే పెట్టెను మూలమట్టంగా ఉంచడానికి ఏదో సరిపోతాయి. 130 కిలోలు నింపిన పెట్టెను ఎవరైనా పక్కనుంచి కాస్త నెట్టితే ఆ మేకులు వదులై, నలుపలకల ఆకారం ఏటవాలుగా ఒరుగుతుంది. అలా ఒరిగేటప్పుడు ముందు విరిగేవి మినీఫిక్స్‌లే. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్డును వెనక మొత్తం కప్పేలా కోయించి, నలువైపులా అంచుల వెంట, నిలువు పలక వెంట కూడా, జానెడుకు ఒక స్క్రూ తగ్గకుండా బిగించండి. బిగించే ముందు పెట్టె కర్ణాలు రెండూ టేపుతో కొలిచి, సమానంగా ఉన్నాయని చూసుకోండి. ఆ తరువాత లోతుగా ఉండే కింది అరలకు వెనక అంచు కింద కూడా ఒక పట్టీని ఆ ప్లైవుడ్డుకు వేస్తే ఆ పలకలు మూడు వైపులా ఆని ఉంటాయి.

లోతు గురించి మీరు అడగలేదు గాని, అడగవలసిన విషయమే. డెమ్మీ పుస్తకం లోతు 14 సెంటీమీటర్లు, పెద్ద సైజు పుస్తకమైనా 22కు మించదు. మీ అల్మరా 50. ఎత్తులో ఆరు అంతస్తులు వస్తాయనుకుంటే ఒక్క వరుసకు నాలుగున్నర మీటర్లే. మీకు కావలసింది ఆరు. కాబట్టి కింది మూడు అంతస్తులను పూర్తి లోతులో ఉంచి రెండు వరుసలు పెట్టండి, పై మూడింటిలో 25 సెంటీమీటర్ల పలకలను వెనక్కి ఆనించి ఒక్క వరుస పెట్టండి. రెండు వరుసలు పెట్టేచోట వెనక వరుసను చిన్న మెట్టు మీద నిలిపితే వెనక పుస్తకాల పేర్లు చదవగలుగుతారు. ఆ మెట్టు లేకపోతే వెనక వరుసలో ఏముందో ఏడాదికి మీకే గుర్తుండదు. ఇలా చేస్తే బరువు కిందికి, వెనక్కి చేరుతుంది, పెట్టె ముందుకు వాలే భయం కూడా తగ్గుతుంది.

పక్క పలకలనే కోసి లోతు తగ్గించమని కొందరు సలహా ఇస్తారు. 58 సెంటీమీటర్ల లోతు గల అల్మరాలు ఇరుకు గదిలో నడవడానికి అడ్డం వస్తుంటే అది ఆలోచించవచ్చు. అప్పుడు కూడా వెనక వైపు నుంచే కోయాలి, ముందు వైపు కంపెనీ వేసిన అంచు పోకుండా. కానీ ప్రతి మూలలోనూ ఉండే రెండు బిగింపుల్లో వెనకది పోతుంది, దాని స్థానంలో కొత్తది తొలవాలి. మీ 50 సెంటీమీటర్ల అల్మరాకు ఆ శ్రమ అనవసరం. పైగా లోతు తగ్గిన కొద్దీ పెట్టె నిలకడ తగ్గుతుంది.

గోడ బిగింపు మాత్రం ఇంటి యజమాని ఒప్పుకోకపోతే ఒప్పించి చేయవలసిన పని. పిల్లలు పై అర అందుకోవడానికి కింది అర మీద కాలు వేస్తారు. ఇంట్లో పిల్లలు లేకపోయినా వచ్చిపోయే పిల్లలుంటారు. పైన రెండు చోట్ల ఎల్ క్లాంపులు పెట్టి, పై పలకతోపాటు వెనక ప్లైవుడ్డును కూడా పట్టేలా బిగించండి. గోడ అడుగున స్కర్టింగ్ రాయి సెంటీమీటరు పైగా ముందుకు ఉంటుంది కాబట్టి అల్మరా గోడకు ఆనదు. ఆ సందుకు సరిపోయే చెక్క ముక్కను పైన కూడా పెట్టి, దానిలోంచి గోడకు స్క్రూ వేయాలి. ఆ సందు మంచిదే, గాలి ఆడుతుంది. గోడ ఏ రకమో తెలుసుకోండి. ఇటుక గోడకు, కాంక్రీటుకు మామూలు రావల్ ప్లగ్గులు (స్క్రూ పట్టడానికి గోడ రంధ్రంలో దిగగొట్టే ప్లాస్టిక్ గొట్టాలు) చాలు. ఈ మధ్య కట్టిన అపార్టుమెంట్లలో తేలికైన ఏఏసీ దిమ్మల (లోపలంతా గాలి బుడగలుండే కాంక్రీటు దిమ్మల) గోడలు ఎక్కువ. డ్రిల్లు పెట్టగానే తెల్లటి లేదా లేత బూడిద రంగు పొడి రాలుతూ బిట్టు సులువుగా దిగిపోతే అదే. దానిలో మామూలు ప్లగ్గు చేత్తో లాగితే వచ్చేస్తుంది. ఆ దిమ్మలకని అమ్మే పొడవాటి నైలాన్ యాంకర్లు వాడి, డ్రిల్లును హ్యామర్ మీద కాక మామూలుగా తిప్పి తొలవండి.

తలుపుల ప్రశ్నకు జవాబు పైన సగం వచ్చేసింది. తీసేయమనే నా సలహా. తెరిచిన తలుపు తన బరువునంతా ముందుకు వేస్తుంది, తీసిన తలుపు అర పలకలవుతుంది. హైదరాబాదులో దుమ్ము ఎక్కువ, నిజమే. వారానికోసారి పొడిగుడ్డతో తుడిచే ఓపిక లేకపోతే తలుపులు ఉంచుకుని, అరలకు వేరే బోర్డు కొనుక్కోవచ్చు. విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల ఎవరైనా ఇది చదువుతుంటే వారు మాత్రం తలుపులు తప్పక తీసేయండి, లేదా వెనక పలకలో గాలి రంధ్రాలు పెట్టించండి. మూసిన పెట్టెలో సముద్రపు చెమ్మకు పుస్తకాల అట్టలు బూజు పడతాయి. అరుదైన పాత పుస్తకాలు ఏవైనా ఉంటే వాటిని ఇందులో పెట్టకండి. ఈ బోర్డు జిగురులోంచి మెల్లగా వెలువడే ఆవిరులు పాత కాగితానికి మంచివి కావు.

నింపేటప్పుడు నిఘంటువులు, గైడ్లు అడుగున, నవలలు పైన పెట్టండి. నిలువు పలకకు రెండు వైపులా ఒకేసారి నింపుకుంటూ రండి. నెల గడిచాక అడుగు పలక ముందు అంచు వెంట ఒక దారం బిగువుగా లాగి పట్టుకుని చూడండి. నడిమిన దారానికీ పలకకూ మధ్య సందు కనిపిస్తే దిమ్మ వదులైందన్నమాట. పుస్తకాలు కొన్ని దింపి, దిమ్మ కింద సన్నటి చెక్క చీలిక దూర్చి బిగువు చేయండి. గోడ క్లాంపుల స్క్రూలను కూడా అదే రోజు ఒకసారి తిప్పి చూసుకోండి.